విండోస్ నుంచి లినక్స్‌కి మారడం: ఇంట్లో కంప్యూటర్‌కి మొదటిసారి చేసేవాళ్ళ కోసం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ వాళ్ళ లిస్టులో ఉండాలి, లేకపోతే మీ పీసీ దీనికి పనికిరాదు అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటుంది. మరి ఆ మెషీన్‌కి ఏమైందంటే ఏమీ కాలేదు, స్క్రీన్ బాగుంది, కీబోర్డ్ బాగుంది, ర్యామ్ 8 జీబీ ఉంది, ఇంకో ఐదారేళ్ళు హాయిగా వాడుకోవచ్చు. ఇలాంటి వాటికి విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ వేసుకోండని నన్నడిగిన వాళ్ళందరికీ చెప్తుంటా. మా ఇంట్లో నాది, నాన్నది, మా పిన్ని వాళ్ళది, మొత్తం మూడు మార్చాను, మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. లినక్స్ ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని, దానికి ముందు రెండు వారాలు ఉంటాయి చూడండి, అదీ అసలు పని. మారి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయిన వాళ్ళని చూశాను, ఇన్‌స్టాల్ అందరికీ బాగానే అయింది, మర్నాడు పొద్దున్నే అర్జెంటుగా ఏదో ఫైల్ కావాల్సొచ్చి, అది సరిగ్గా తెరుచుకోక, ఎవర్ని అడగాలో తెలీక విసుగొచ్చి వెళ్ళిపోయారు. అందుకని ఇక్కడ ఇన్‌స్టాల్ కంటే దాని ముందు సంగతే ఎక్కువ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

లినక్స్ అంటే నిజానికి లోపలుండే కెర్నల్ పేరు, అంటే మెషీన్‌ని నడిపించే గుండెకాయ లాంటి భాగం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ స్టూడెంట్ మొదలుపెట్టాడు, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ కెర్నల్‌కి డెస్క్‌టాప్, మెనూలు, ప్రోగ్రాములు అన్నీ కలిపి వాడుకునేలా చేసి ఇచ్చేదాన్ని డిస్ట్రో అంటారు. డిస్ట్రోలు బోలెడు ఉన్నాయి, ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్, ఇంకా వందల్లో. ఏది మంచిదని నెల్లాళ్ళు వీడియోలు చూసి కూర్చుంటే పని జరగదు. విండోస్ నుంచి మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది లినక్స్ మింట్, అందులో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. కింద ఎడమ మూల మెనూ, కుడి పక్కన వైఫై, గడియారం, సౌండ్, చెయ్యి అలవాటుగా వెళ్ళిన చోటే అన్నీ ఉంటాయి. ఉబుంటు ఎల్‌టీఎస్, అంటే ఏళ్ళ తరబడి అప్‌డేట్లు వచ్చే ఉబుంటు వెర్షన్, దాని మీద కట్టింది కాబట్టి నిలకడగా ఉంటుంది, ఇప్పటి 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీ లోపుంటే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, తేలిగ్గా నడుస్తుంది. హార్డ్ డిస్క్ పాత తిరిగే రకం అయితే మాత్రం ఏ డిస్ట్రో వేసినా అది నెమ్మదే, వీలైతే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించుకున్నాకే ఇన్‌స్టాల్ పెట్టుకోండి, తేడా మీకే తెలుస్తుంది.

సరే, ఆ రెండు వారాలు ఏం చేయాలి అంటే, సిస్టమ్ మార్చకముందే ప్రోగ్రాములు మార్చాలి, విండోస్‌లో ఉండగానే. వర్డ్, ఎక్సెల్ పనులకి లిబ్రెఆఫీస్, బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, మెయిల్‌కి థండర్‌బర్డ్, ఫోటోలు దిద్దడానికి గింప్, ఇవన్నీ విండోస్‌లోనూ పనిచేస్తాయి, ఫ్రీగానే దొరుకుతాయి. ఈ రోజే వేసుకుని రోజూ చేసే పనులు వాటిలోనే చేయండి. రెండు వారాలు అలా గడిస్తే లినక్స్‌కి వెళ్ళాక కొత్తగా అనిపించేది వాల్‌పేపర్, మెనూలే, చేతికింద ప్రోగ్రాములు పాతవే. దీనికి తోడు ఒక కాయితం దగ్గర పెట్టుకుని వారం పాటు మీరు తెరిచిన ప్రతి ప్రోగ్రాం పేరు రాయండి, చిన్నదైనా సరే. వారం అయ్యాక చూస్తే సగానికి పైగా బ్రౌజర్‌లో చేసేవే ఉంటాయి, వాటికి బెంగ లేదు. కొన్నిటికి బదులు వేరే ప్రోగ్రాం ఉంటుంది. చివర్లో ఒకటో రెండో మిగులుతాయి, వాటికి బదులు ఉండదు, అవే మీరు మారాలా వద్దా అనేది తేలుస్తాయి.

ఇక్కడ మాత్రం మొహమాటం లేకుండా ఆలోచించుకోండి. ఫోటోషాప్ మీద బతికేవాళ్ళకి గింప్ చాలదు. మాక్రోలు గట్టిగా వాడిన ఎక్సెల్ ఫైళ్ళు లిబ్రెఆఫీస్‌లో చాలాసార్లు తేడా కొడతాయి. ఆటల్లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల షాపులో ఉన్నవి చాలావరకు, విండోస్ ఆటలని లినక్స్‌లో ఆడించే ప్రోటాన్ పుణ్యమా అని బాగానే ఆడతాయి, కానీ వాలొరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి మోసం చేసి ఆడేవాళ్ళని పట్టే వాటి యాంటీ చీట్ ప్రోగ్రాం వల్ల ఆడవు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో డీటీపీ చేసేవాళ్ళదీ అదే పరిస్థితి, అది మొత్తం విండోస్ చుట్టూ అల్లుకున్న పని. వైన్ అని ఒకటుంది, విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపిస్తుంది, కొన్నిటికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ కూడు పెట్టే పనిని దాని మీద ఆధారపడేలా పెట్టుకోవద్దు. ఇలాంటివి మీ లిస్టులో ఉంటే రెండూ పక్కపక్కన ఉంచుకునే డ్యూయల్ బూట్ చేసుకోండి, లేదా ఇంట్లో ఇంకో పాత మెషీన్ ఉంటే దానికి వేసి చూడండి.

మా పిన్ని సంగతి చెప్తా. ఆవిడ తెలుగులో పెద్ద పెద్ద డాక్యుమెంట్లు టైప్ చేస్తుంది, అన్నీ వర్డ్‌లో, గౌతమి ఫాంట్‌లో. లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి గాని నలభై పేజీలది నలభై మూడు పేజీలు అయింది, హెడ్డింగులు పేజీ అడుగుకి జారిపోయాయి. ఏమిటా అని చూస్తే లినక్స్‌లో గౌతమి ఉండదు, దాని బదులు వేరే తెలుగు ఫాంట్ తీసుకుంది, దాని ఎత్తు వేరు, లైన్ల మధ్య జాగా వేరు. అప్పుడు నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌కి మార్చి, స్టైల్స్‌లో ఒకసారి లైన్ స్పేసింగ్ సరిచేస్తే కుదిరింది, ఒక సాయంత్రం పట్టింది. అదే ఇంగ్లిష్ ఫైళ్ళకి ఈ గొడవ తక్కువ, క్యాలిబ్రి బదులు కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్ బదులు లిబరేషన్ సెరిఫ్ ఉన్నాయి, అక్షరాల వెడల్పు అచ్చం అంతే ఉండేలా చేశారు కాబట్టి పేజీలు కదలవు. మీ దగ్గర ముఖ్యమైన ఫైళ్ళు ఓ పది తీసి ఇప్పుడే తెరిచి చూసుకోండి.

తర్వాతది బ్యాకప్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. నా మొదటి ఇన్‌స్టాల్ అప్పుడు ఫోటోలన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్‌ని అలాగే కంప్యూటర్‌కి తగిలించి ఉంచేసి ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. డిస్క్ ఎంచుకునే దగ్గర రెండూ ఒకే సైజ్, పేర్లు చూడకుండా తప్పుది నొక్కాను. మూడేళ్ళ ఫోటోలు పోయాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగం వచ్చాయి, అమ్మమ్మవి ఉన్న ఫోల్డర్ రాలేదు. అప్పట్నుంచి నాకొక నియమం, బ్యాకప్ అయ్యాక డ్రైవ్ పీకి వేరే గదిలో పెట్టాకే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ పెడతాను. మీరూ అలాగే చేయండి దయచేసి.

కాపీ చేసేటప్పుడు డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ అన్నీ తీసుకోండి, సీ డ్రైవ్‌లో వేరేగా మీరు పెట్టుకున్న ఫోల్డర్లు కూడా. వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫైళ్ళు ఇక్కడున్నట్టు కనిపిస్తాయి గాని నిజంగా డిస్క్‌లో ఉండవు, పక్కన మబ్బు గుర్తు ఉంటుంది, వాటిని ముందు డౌన్‌లోడ్ అవనివ్వాలి. బ్రౌజర్‌లో బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు సింక్ అయ్యాయో లేదో చూసుకోండి. అన్నీ అయ్యాక ఆ డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్ళు తెరిచి చూడండి, తెరుచుకుంటేనే బ్యాకప్ అయినట్టు లెక్క. ఇంకొకటి, డిస్క్‌కి బిట్‌లాకర్ గాని డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి, ఈ మధ్య లాప్‌టాప్‌లలో మనకి తెలీకుండానే ఆన్ అయ్యుంటుంది. డ్యూయల్ బూట్ చేసేవాళ్ళు ముందే దాని 48 అంకెల రికవరీ కీ కాయితం మీద రాసి పెట్టుకోవాలి, లేకపోతే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే వచ్చే మెషీన్ సెట్టింగుల్లో, ఏదైనా మార్చగానే విండోస్ ఆ కీ అడిగి లోపలికి రానివ్వదు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. 8 జీబీది ఒకటి చాలు, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే ఐఎస్ఓ ఫైల్, అంటే మింట్ మొత్తం ఉన్న ఒక్క ఫైల్, దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. దించాక ఎస్‌హెచ్‌ఏ256 నంబర్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, కలిసిందో లేదో చూడమంటే చాలామంది బద్ధకిస్తారు, కానీ 2016 ఫిబ్రవరిలో ఎవరో మింట్ వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి డౌన్‌లోడ్ లింకుని దొంగ ఐఎస్ఓ వైపు తిప్పారు, అప్పుడు దించుకున్నవాళ్ళు చెక్ చేసుకోకుండా వేసుకుంటే సిస్టమ్ తలుపులు తెరిచి ఇచ్చినట్టే అయ్యేది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, అందులో ఐఎస్ఓ సెలెక్ట్ చేశాక పక్కనే చిన్న టిక్ గుర్తు ఉంటుంది, అది నొక్కితే ఆ నంబర్ లెక్కకట్టి చూపిస్తుంది, సైట్‌లో ఉన్నదానితో పోల్చుకోండి, రెండు నిమిషాల పని. ఆ రూఫస్‌తోనే స్టార్ట్ నొక్కి పెన్‌డ్రైవ్ మీదకి రాయండి, ఐఎస్ఓ మోడా డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ మోడే ఉంచండి. పనిలో పనిగా ఇంకో పెన్‌డ్రైవ్ ఉంటే విండోస్ ఇన్‌స్టాల్ డిస్క్ కూడా ఒకటి చేసి పెట్టుకోండి, వెనక్కి రావాల్సొస్తే అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం, అంటే కంప్యూటర్ డిస్క్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి మొదలయ్యేలా చేయడం దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్, ఎఫ్2, డిలీట్, ఏదో ఒకటి ఆన్ చేసిన వెంటనే నొక్కుతూ ఉండాలి, లేటయితే విండోస్ వచ్చేస్తుంది. అంతకంటే తేలికైన దారి ఒకటుంది, విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం స్క్రీన్‌లో యూజ్ ఎ డివైస్ అనే ఆప్షన్ వస్తుంది, అందులో మీ పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. డ్యూయల్ బూట్ చేయాలనుకునేవాళ్ళు అంతకుముందే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి, అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, సగం నిద్రలో ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

బూట్ అయితే కాసేపటికి పూర్తి డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఇది లైవ్ సెషన్, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ డిస్క్‌ని ముట్టుకోలేదు, నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవ్ తీసేస్తే మళ్ళీ మీ విండోస్ మీకుంటుంది. కనీసం ఒక గంట ఇక్కడే తిరగండి. వైఫై కనెక్ట్ అవుతోందా, సౌండ్ వస్తోందా, కెమెరా, బ్లూటూత్, బ్రైట్‌నెస్ బటన్లు, టచ్‌ప్యాడ్‌లో రెండు వేళ్ళతో జరపడం, లిడ్ మూసి తెరిస్తే మళ్ళీ లేస్తోందా, ప్రింటర్ కనిపిస్తోందా, అన్నీ చూడండి. నెమ్మదిగా అనిపిస్తే కంగారొద్దు, పెన్‌డ్రైవ్ స్పీడ్ అంతే. వైఫై అసలు కనపడకపోతే, బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న కొన్ని పాత లాప్‌టాప్‌లలో అలా జరుగుతుంది, ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్‌లోంచి వైఫై డ్రైవర్ వేసుకోవచ్చు.

అంతా బాగుందనిపిస్తే డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. భాష, కీబోర్డ్ అడుగుతుంది, మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. మీ మెషీన్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని మొదలవనివ్వని బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అక్కడే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, అది రాసుకోండి, మళ్ళీ పనుంది. తర్వాత వచ్చేది అసలైన స్క్రీన్. విండోస్ పక్కన వేయి అనేది ఒకటి, డిస్క్ మొత్తం చెరిపి వేయి అనేది ఒకటి, నేనే చేసుకుంటా అనేది ఒకటి. ఇక్కడ ఆగండి, నీళ్ళు తాగి రండి, ఏ డిస్క్ మీద చేస్తోందో పేరు, సైజ్ రెండూ చదవండి. ఎస్‌డీఏ, ఎన్‌వీఎంఈ అని మొదలయ్యే పేర్లుంటాయి, మీ లోపలి డిస్క్ 512 జీబీ అయితే ఇంచుమించు ఆ సైజే కనపడాలి, పెన్‌డ్రైవ్ అయితే 8 జీబీ. పక్కన వేసుకునేవాళ్ళు లినక్స్‌కి కనీసం 50 జీబీ వదలండి, ఆ ఖాళీ ముందే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చేసి పెట్టుకుంటే ఇంకా క్షేమం. అసలు మీ ఎస్ఎస్‌డీయే లిస్టులో లేదంటే బయోస్‌లో స్టోరేజ్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో ఉండుంటుంది, దాన్ని ఏహెచ్‌సీఐకి మారిస్తే కనిపిస్తుంది, కానీ విండోస్ ఉంచుకునేవాళ్ళు ఆ మార్పు ఊరికే చేసేయకండి, విండోస్ లేవకుండా పోవచ్చు, దానికి ముందు సేఫ్ మోడ్ ద్వారా చేసే పద్ధతి ఉంది, అది చదివి చేయండి.

ఇన్‌స్టాల్ అయి మొదటిసారి రీస్టార్ట్ అయినప్పుడు ఇందాక పాస్‌వర్డ్ పెట్టినవాళ్ళకి ఒక నీలం స్క్రీన్ వస్తుంది, పది సెకన్లే ఉంటుంది, కాఫీకి వెళ్ళారంటే వెళ్ళిపోతుంది. ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే అనేది ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొట్టండి. ఇది చేయకపోతే ఎన్‌విడియా, కొన్ని వైఫై డ్రైవర్లు వేసినా పనిచేయవు, ఎందుకు పనిచేయట్లేదో తెలీక తల పట్టుకుంటారు.

లోపలికి వెళ్ళాక వెల్‌కమ్ స్క్రీన్‌లోనే మొదటి పనులు వరసగా ఉంటాయి. నా లెక్కలో మొట్టమొదటిది టైమ్‌షిఫ్ట్, సిస్టమ్‌ని ఫోటో తీసినట్టు ఒక స్నాప్‌షాట్ దాస్తుంది, రేపు ఏదైనా అప్‌డేట్ తర్వాత పాడైతే నిన్నటి స్థితికి తెచ్చేసుకోవచ్చు. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం అందులో రావు, వాటి బ్యాకప్ వేరేగా చేసుకోవాల్సిందే. ఆ తర్వాత అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ వేసుకోండి, తర్వాత డ్రైవర్ మేనేజర్, ఎన్‌విడియా కార్డ్ ఉంటే అందులో రికమెండెడ్ అని ఉన్నది ఎంచుకుని రీస్టార్ట్ చేయండి.

కొత్త ప్రోగ్రాం కావాలంటే విండోస్‌లోలా గూగుల్‌లో వెతికి ఎక్కడ్నుంచో దించుకునే అలవాటు మానేయాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు కొడితే అక్కడే దొరుకుతుంది, దాని అప్‌డేట్లు కూడా సిస్టమ్‌తో పాటే వస్తాయి. టెర్మినల్ అనే నల్ల కిటికీ అంటే భయపడనక్కర్లేదు, నాన్న ఇంతవరకు దాన్ని తెరవనే లేదు. ఎప్పుడైనా తెరిస్తే, సుడో అని ఉన్న కమాండ్ పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద ఏమీ పడకపోవచ్చు, చుక్కలు కూడా రాకపోవచ్చు, కీబోర్డ్ పాడైందనుకోకండి, టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఎక్కడో కనిపించిన కమాండ్ ఏం చేస్తుందో తెలీకుండా మాత్రం పేస్ట్ చేయొద్దు.

తెలుగు టైపింగ్ గురించి అందరూ అడుగుతారు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల దగ్గర తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ లేఅవుట్) వచ్చేస్తుంది, అది అలవాటున్నవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్ళు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దాంతో పాటు ఐబస్ ఎం17ఎన్ అనేది సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచి వేసుకుని, లాగౌట్ అయి మళ్ళీ వచ్చి, తెలుగులో ఐట్రాన్స్ గాని ఆర్‌టీఎస్ గాని, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఈ రెండు పద్ధతుల్లో ఒకటి, ఎంచుకోండి. ఫోన్‌లో లాగా కింద సలహాలు రావు, ఏ అక్షరానికి ఏది కొట్టాలో రెండు రోజులు చూసుకోవాలి, తర్వాత చేయి దానంతటదే పోతుంది. ఈ పోస్ట్ అలా కొట్టిందే.

డ్యూయల్ బూట్ చేసినవాళ్ళకి ఒక వింత కనిపిస్తుంది, లినక్స్ నుంచి విండోస్‌కి వెళ్ళగానే టైమ్ కొన్ని గంటలు తేడాగా ఉంటుంది. మదర్‌బోర్డ్‌లో ఉన్న గడియారాన్ని విండోస్ లోకల్ టైమ్ అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, అంతే గొడవ. టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లినక్స్‌ని కూడా లోకల్ టైమ్‌కి మారిస్తే ఆగిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి మార్చి ఇచ్చేటప్పుడు వాళ్ళు వాడే నాలుగు ఐకాన్లు డెస్క్‌టాప్ మీద పెట్టి, బ్రౌజర్‌లో వాళ్ళ సైట్లు తెరిచి, అక్షరాల సైజ్ పెంచి, పక్కన కూర్చుని ఒకసారి ప్రింట్ తీయించండి. నాన్నకి నేను చెప్పింది అంతే, కింద షీల్డ్ బొమ్మ మీద చుక్క కనపడితే నొక్కి పాస్‌వర్డ్ కొట్టు నాన్నా అని. ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే పేపర్ చదివాక అది చేస్తారు.

ఒకవేళ నెల వాడాక కుదరలేదనుకోండి, ఇందాక చేసిపెట్టుకున్న విండోస్ పెన్‌డ్రైవ్‌తో మళ్ళీ వేసేసుకోవచ్చు, మీ మెషీన్‌తో వచ్చిన డిజిటల్ లైసెన్స్ ఆ మదర్‌బోర్డ్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ పెట్టగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఇలా వెనక్కి రావాల్సిరావచ్చు కాబట్టి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో తీసిన ఆ మొదటి బ్యాకప్‌ని కనీసం రెండు మూడు నెలలు చెరపకండి.